కొండవారి ముందు కూర్చున్న గురువు

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు అనగానే మనకు వాడుక భాషా ఉద్యమమే గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే తెలుగు కోసం పోరాడక ముందే ఆయన ఎవరూ పట్టించుకోని మరో భాషను ప్రేమించారు. అది కొండల్లో బతికే సవరల భాష.

1863లో శ్రీముఖలింగం సమీపాన వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో జన్మించిన ఆయన, విజయనగరంలో చదువుకొని 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. ఆ చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు చెప్పాలన్న ఆశ ఆయనలో కలిగింది. కానీ వారి భాషలో ఒక్క పుస్తకమూ లేదు. మీరే మా తెలుగు నేర్చుకొని రండి అని ఆయన వారికి చెప్పలేదు. తెలుగు కూడా తెలిసిన ఒక సవరను తన ఇంట్లోనే ఉంచుకొని, తానే శిష్యుడై ఏళ్ల తరబడి వారి మాట నేర్చుకున్నారు. వాచకాలు, కథలు, పాటలు, నిఘంటువు తయారుచేశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. 1940లో ఆయన కన్నుమూశారు.

ఇందుకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నదేమీ కాదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. పరుల మాట శ్రద్ధగా విన్న చెవులే మూగబోయాయి!

పంతులుగారు క్రైస్తవుడు కాదు. అయినా ఆయన జీవితం క్రైస్తవులమైన మనల్ని నిలదీస్తోంది. పెంతెకొస్తు దినాన దేవుడు అన్ని దేశాలవారినీ గలిలయ భాష నేర్చుకొమ్మనలేదు. ఎవరి భాషలో వారికే తన మహత్కార్యాలను వినిపించాడు. దేవుడే అంతగా గౌరవించిన పరుల మాటను మనమెంత గౌరవిస్తున్నాం?

ఈనాడు మన సంఘాలు సీతంపేట, కురుపాం కొండలకు దుప్పట్లతో, బట్టలతో వెళ్తున్నాయి. మంచిదే! కానీ పంచిపెట్టి, ఫొటోలు తీసుకొని, చీకటి పడకముందే దిగి వచ్చేస్తే వారు మనకు అర్థమైనట్టేనా? ఊరి పెద్దను అడిగి ఊళ్లో అడుగుపెట్టడం, అనుమతి లేకుండా ఫొటో తీయకపోవడం, వారు పెట్టింది వారితో కూర్చొని తినడం, వారి భాషలో నాలుగు మాటలైనా నేర్చుకోవడం దుప్పటి కన్నా విలువైన కానుకలు. పైగా ఆ కొండల్లో మనలాగే ప్రభువును ఆరాధించే సవర విశ్వాసులున్నారు. వారు మన దయకు పాత్రులు కారు, మన తోబుట్టువులు.

ఇవ్వడానికి చేతులుంటే చాలు. నేర్చుకోవడానికి మాత్రం తగ్గింపు కావాలి. ప్రభువు మనలో వెదికేది ఆ తగ్గింపునే!