ఎన్టీఆర్ – గుండె ఆపరేషన్ చేయించుకున్న ముఖ్యమంత్రి

నందమూరి తారక రామారావు గారు అనగానే మనకు కృష్ణుడు, దుర్యోధనుడు, రెండు రూపాయల కిలో బియ్యం గుర్తుకొస్తాయి. అవి అందరికీ తెలిసినవే. అందుకే నేను ఆయన గుండె జబ్బు గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించారు. చదువుకునే రోజుల్లో విజయవాడలో సైకిల్ మీద తిరిగి పాలు పోశారు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కళాశాలలో బి.ఎ. చదివారు. సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే కొద్ది రోజులకే వదిలేసి సినిమాల కోసం మద్రాసు వెళ్ళారు. (డిగ్రీ చదివి సర్కారు కొలువు వదిలేస్తే మా నాయన మాత్రం ఇంట్లోకి రానివ్వడు!) 1949లో 'మనదేశం', 1957లో 'మాయాబజార్'. ఇక ఆ తర్వాత చెప్పాల్సిన పని లేదు.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగారు. తిండి, నిద్ర, స్నానం అన్నీ రోడ్డు పక్కనే. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 60 ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఏడాదిన్నర గడిచిందో లేదో గుండె మొరాయించింది. బైపాస్ చేయాలన్నారు.

గుండెకు రక్తం తెచ్చే నాళాలు మూసుకుపోతే, కాలిలోని సిర తీసి, మూసుకుపోయిన చోటును దాటించి కుట్టడమే బైపాస్. ఈ పద్ధతిని 1967లో అమెరికాలో ఫవలోరో అనే డాక్టరు మొదలుపెట్టారు. మన దేశంలో 1975లో మద్రాసులో మొదలైంది. 1984 నాటికి ఇది ఇంకా కొత్త వైద్యమే. ముఖ్యమంత్రి గారు అమెరికా వెళ్ళి చేయించుకున్నారు. ఆ రోజుల్లో మన జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో ఒక కూలికి అదే జబ్బు వస్తే ఏం చేసేవాడు? గుండెల్లో మంట అనుకుని సోడా తాగి పడుకునేవాడు.

ఆపరేషన్ కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో నేను మా మేనమామ దగ్గర చూశాను. 2007లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి ప్రభుత్వం తెచ్చిన ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు బాధ తప్పింది. కానీ హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో తేదీ రెండుసార్లు మారింది. రక్తం పలచన చేసే మాత్రలు ఆపడం, రక్తం ఇచ్చేవాళ్ళను వెతకడం, ప్రమాదం ఎంతో చెప్పి కాగితం మీద సంతకం తీసుకోవడం... సంతకం రాని మామ వేలిముద్ర వేసి ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాడు. పెద్దవారైనా పేదవారైనా ఆ రాత్రి ఒకటే అనుకుంటాను.

ఆపరేషన్ అయ్యాక రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. దగ్గితే ఛాతీకి దిండు అదుముకోవాలి. బరువు ఎత్తకూడదు, ఆందోళన పడకూడదు. కానీ రామారావు గారు తిరిగొచ్చిన కొద్ది రోజులకే, 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేశారు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. మనిషి మంచం మీద ఉన్నప్పుడు కుర్చీ లాక్కోవడం నా దృష్టిలో చాలా తప్పు. రాజకీయంగా ఎవరిది న్యాయమైనా సరే.

డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నా ఆయన తీసుకోలేదు. 160 మందికి పైగా ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్ళారు. చక్రాల కుర్చీలో కూర్చునే రాష్ట్రపతి జైల్‌సింగ్ గారి ముందుకు వెళ్ళారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. సినిమాలో భీముడిగా గద ఎత్తిన మనిషిని అలా చూసి పల్లెల్లో జనం రోడ్ల మీదికొచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, మళ్ళీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1985 మార్చిలో ఎన్నికలకు వెళ్ళి గెలిచారు.

1986లో ఆయన ప్రభుత్వం విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం స్థాపించింది. వరంగల్ కాకతీయ మెడికల్ కళాశాల చాలా ఏళ్ళు దాని కిందే ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లిలలో కూడా ప్రభుత్వ మెడికల్ కళాశాలలు ఉన్నాయి. 2022, 2023 సంవత్సరాల్లో వచ్చాయి.

1989లో ఓడిపోయి, 1994లో తిరిగి గెలిచారు. 1995 ఆగస్టులో సొంత పార్టీలోనే తిరుగుబాటు వచ్చి, అల్లుడు చంద్రబాబునాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యారు. మళ్ళీ ఆగస్టే! ఈసారి చక్రాల కుర్చీ లేదు, ఢిల్లీ ప్రయాణం లేదు. అయిదు నెలలు గడవకముందే, 1996 జనవరి 18 తెల్లవారుజామున హైదరాబాద్‌లోని ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 72.