ఇప్పపువ్వు బొమ్మ గీయించిన దొర

మాది భద్రాచలం అవతల అడవి పక్క ఊరు. మార్చి వచ్చిందంటే పొద్దుగాలే లేచి అమ్మమ్మ వెంట ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాణ్ణి. పదో తరగతిలో రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం అని బట్టీ కొట్టాను గానీ, మేం ఏరేది అందులో ఏ భాగమో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆలోచింపజేసింది విలియం రాక్స్‌బర్గ్.

ఈయన 1751లో స్కాట్లాండులో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు చేరాడు. 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు పండించే ప్రయోగాలు చేశాడు. కంపెనీకి కావలసింది లాభం. ఈయన మనసు మాత్రం మొక్కల మీద.

1787లో పెద్ద తుఫాను వచ్చింది. పోగుచేసిన మొక్కలు, పుస్తకాలు వరదలో పోయాయి. మనకి ప్రాజెక్టు ఫైలు డిలీట్ అయితేనే రెండు రోజులు అన్నం దిగదు. ఆయన మళ్లీ మొదటి మొక్క నుంచి మొదలుపెట్టాడు.

ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. కొమ్మ, ఆకు, పువ్వు గీసి, కింద ఆ పువ్వునే కోసి కేసరాలు వేరుగా, అండాశయం వేరుగా చూపించారు. మొక్కల తెలుగు పేర్లూ రాసుకున్నాడు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరం మొక్కల పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. అందులో మన ఇప్ప ఉంది, బీడీలు చుట్టే తునికి కూడా ఉంది. తునికి శాస్త్రీయ నామం చివర ఇప్పటికీ ఈయన పేరే పొట్టిగా రాస్తారు. బొమ్మలు గీసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. నాకు బాధనిపించింది అక్కడే.

1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్లాడు. ఆరోగ్యం చెడి 1813లో ఇండియా వదిలాడు. 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. పుస్తకం చివరి భాగాలు పూర్తయ్యేసరికి ఆయన లేడు.

మొన్న సెలవులకి ఊరెళ్లినప్పుడు నేల మీద కాదు, కొమ్మ మీద చూశాను. తియ్యగా ఉండి రాలేది ఆకర్షణపత్రావళి, దాంతోపాటు కేసరాలు. అండాశయం, పొడుగాటి కీలం కొమ్మకే ఉన్నాయి. అదే కాయవుతుంది, దాని గింజే ఇప్పనూనె. పువ్వు కోసం కొమ్మలు దులిపితే అమ్మమ్మ ఎందుకు తిట్టేదో ఇన్నాళ్లకి అర్థమైంది. ఏ పుస్తకమూ చదవకుండానే ఆమెకి ఈ సంగతి తెలుసు.