బుర్రకథకు మారుపేరు షేక్ నాజర్

మన గంజాం తెలుగువాళ్లకు బొబ్బిలి యుద్ధం ఎక్కడో దూరపు కథ కాదు, పొరుగు జమీందారీ కథే. దాన్ని ఊరూరా వినిపించిన షేక్ నాజర్ గురించి ఈసారి చెప్పుకుందాం.

1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టారు. చిన్ననాడే నాటకాల్లో వేషాలు కట్టారు, సంగీతం నేర్చారు. 1940లలో ప్రజానాట్యమండలిలో చేరి బెంగాల్ కరువు మీద కథ చెబితే జనం కంటతడి పెట్టేవారు. అప్పట్లో పేరంతా మండలిదే. తర్వాత ప్రభుత్వ నిర్బంధంతో మండలి చెదిరింది. పార్టీ అండ లేదు, ఇల్లు గడవాలి. సొంత దళంతో పల్లెల వెంట తిరిగారు.

చేతిలో తంబురా, పక్కన ఇద్దరు వంతలు: ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. నేటి కుర్రకారు ర్యాప్ అంటున్న ఉరవడి మనకు ఎప్పటినుంచో ఉంది మరి! పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో చివరికి బుర్రకథ అంటే నాజరే అయ్యారు.

1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరు 'పింజారి'. ఊళ్లో చిన్నచూపుగా పిలిచే కులం పేరే అది.