ఏనుగుల వీరాస్వామయ్య

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిరి. 1830 మే 18వ తేదీన వారు సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరిరి. అప్పటికి మన దేశమున రైలుమార్గములు లేవు. హైదరాబాదు చేరి, మేడ్చలు మీదుగా ఉత్తరదిశకు సాగిరి. గోదావరి దాటినపిదప దట్టమైన అడవులు, కొండదారులు ఎదురయ్యెను. ఎంత అలసినను వారు దినచర్య వ్రాయుట మానలేదు. మజిలీ ఊరిపేరు, దారిస్థితి, దొరకు వస్తువులు, జనుల ఆచారములు అన్నియు వ్రాసి, మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. వెనుకవచ్చు బాటసారికి నీరెచ్చట దొరకునో, బియ్యమెచ్చట లభించునో తెలియుట ప్రాణావసరము గదా!

1831 సెప్టెంబరు 3వ తేదీన వారు ఇల్లు చేరిరి, 1836లో కీర్తిశేషులైరి. 1838లో శ్రీనివాసపిళ్లగారు ఆ వ్రాతలను ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించిరి. ఏనాటి సంగతి ఆనాడే వ్రాసిన ఆ శ్రద్ధవలననే నాటి దేశస్థితి నేటికిని మనకు తెలియుచున్నది.