రాబర్ట్ శాండర్స్

డాక్టర్ రాబర్ట్ శాండర్స్ (1927 - 2006) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెన్నెస్సీ రాష్ట్రానికి చెందిన శిశువైద్యుడు. కార్లలో ప్రయాణించే పసిపిల్లలను రక్షణ సీట్లలో కూర్చోబెట్టడాన్ని తప్పనిసరి చేస్తూ ఆ దేశంలో వెలువడిన మొట్టమొదటి చట్టానికి ఇతడు ప్రధాన కారకుడు. ఈ కృషి వలన ఇతడు డాక్టర్ సీట్ బెల్ట్ అనే పేరుతో ప్రసిద్ధి చెందాడు.

నేపథ్యం

తొలినాళ్ళలో కార్లలో వాడిన పిల్లల సీట్లు రక్షణ కొరకు తయారైనవి కావు. బిడ్డ కదలకుండా ఉండడానికి, కిటికీలోనుండి బయటకు చూడడానికి వీలుగా వాటిని అమర్చేవారు. 1960వ దశకంలో ప్రమాద సమయంలో బిడ్డను కాపాడగల సీట్లు రూపొందాయి. 1971లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ సీట్లకు తొలి ప్రమాణాలను అమలులోకి తెచ్చింది. అయితే ఆ నియమాలు తయారీదారులకు మాత్రమే వర్తించేవి. సీటు కొనాలని గాని, కొన్నదానిని వాడాలని గాని తల్లిదండ్రులను ఆదేశించే చట్టమేదీ లేదు. ఎక్కువమంది పిల్లలు పెద్దల ఒడిలోనో, ఏ ఆధారమూ లేకుండా వెనుక సీటులోనో ప్రయాణించేవారు.

చట్టం కొరకు కృషి

శాండర్స్ మర్‌ఫ్రీస్‌బరో పట్టణంలో రూథర్‌ఫర్డ్ కౌంటీ ఆరోగ్యశాఖకు అధిపతిగా పనిచేశాడు. టీకాలతో వ్యాధులను నివారించినట్లే ప్రమాద మరణాలను కూడా ముందుగానే నివారించవచ్చునని, అదికూడా శిశువైద్యుల బాధ్యతేనని ఇతడు భావించాడు. రక్షణ సీట్లను తప్పనిసరి చేయాలని శాసనసభ్యులను ఒప్పించడానికి ప్రయత్నించాడు. ఈ కృషిలో భార్య పాట్ శాండర్స్ ఇతనికి తోడ్పడింది. బిడ్డను కారులో ఎలా కూర్చోబెట్టాలన్నది తల్లిదండ్రుల ఇష్టమని, అందులో ప్రభుత్వ జోక్యం తగదని వాదించినవారు ఈ ప్రతిపాదనను వ్యతిరేకించారు.

చివరకు 1977లో శాసనసభ ఈ బిల్లును ఆమోదించింది. గవర్నరు రే బ్లాంటన్ సంతకంతో చట్టమై 1978 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. నాలుగు సంవత్సరాలలోపు పిల్లలను కారులో తీసుకువెళ్ళే తల్లిదండ్రులు వారిని రక్షణ సీటులో కూర్చోబెట్టాలని ఈ చట్టం నిర్దేశించింది.

ఒడి మినహాయింపు

బిల్లు నెగ్గడానికి ఒక రాజీ అవసరమైంది. పెద్దవారు బిడ్డను చేతులతో పట్టుకొని కూర్చుంటే సీటు అక్కరలేదనే సవరణను అందులో చేర్చారు. తల్లి చేతులలో బిడ్డ క్షేమంగా ఉంటుందనే నమ్మకం దీనికి ఆధారం. భౌతికశాస్త్రం ప్రకారం ఈ నమ్మకం నిలువదు. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనినైనా ఢీకొని అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలివారిపై వారి బరువుకు సుమారు 18 రెట్ల బలం పనిచేస్తుంది. అంటే 10 కిలోల బిడ్డను పట్టి ఉంచడానికి సుమారు 180 కిలోల బరువును ఆపగల శక్తి కావాలి. ఇది ఎవరి చేతులకూ సాధ్యం కాదు. పైగా బెల్టు పెట్టుకోని పెద్దవారు ముందుకు పడినప్పుడు, వారి శరీరానికి, కారు ముందుభాగానికి మధ్య బిడ్డ నలిగిపోతుంది. అందువలన శాండర్స్ దీనిని పిల్లలను నలిపివేసే సవరణగా అభివర్ణించాడు. చట్టం వచ్చిందని ఊరుకోక ఈ మినహాయింపుపై పోరాటం కొనసాగించాడు. 1981లో శాసనసభ దానిని తొలగించింది.

ప్రభావం

చట్టం చేసినంతమాత్రాన అందరూ సీట్లు వాడలేదు. కొనలేని కుటుంబాలకు సీట్లను అరువు ఇచ్చే పథకాలు టెన్నెస్సీలో నడిచాయి. 1981 నుండి అమలైన కొత్త కేంద్ర ప్రమాణాల ప్రకారం ప్రతి నమూనా సీటు కృత్రిమ ప్రమాద పరీక్షలో నెగ్గవలసి వచ్చింది. ఇతర రాష్ట్రాలు కూడా టెన్నెస్సీని అనుసరించాయి. 1985 నాటికి మొత్తం 50 రాష్ట్రాలలోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. పెద్దలకు సీటు బెల్టును తప్పనిసరి చేసే చట్టాన్ని కూడా శాండర్స్ సమర్థించాడు. అది టెన్నెస్సీలో 1986లో అమలులోకి వచ్చింది.

శాండర్స్ 2006 జనవరిలో 78 సంవత్సరాల వయసులో మరణించాడు. ఇతని కుమారుడు వ్రాసిన జీవితచరిత్ర 2008లో వెలువడింది.