సర్ అక్బర్ హైదరీ – చదువుల పద్దు

ప్రతి సంవత్సరం వానకాలంలో చదువులు మొదలుకాగానే మన వర్గల్ పరిసరాలలోని కళాశాల కార్యాలయాల కిటికీల ముందు ఒక దృశ్యం కనబడుతుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం చేతబట్టుకొని ఒక విద్యార్థి, అతని వెనుక పొలం పని మానుకొని వచ్చిన తండ్రి. నిరుటి ఉపకార వేతనం ఎప్పుడు చేతికందుతుందన్నదే వారి ప్రశ్న. బడ్జెటు ఇంకా విడుదల కాలేదన్నదే గుమాస్తా సమాధానం. ఆ సమాధానంలో ఆయన తప్పేమీ లేదు. కాని దేశానికి చెడ్డకాలం వచ్చినప్పుడు అన్ని పద్దులకంటె ముందు విద్యార్థి పద్దే ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోదలచిన వారు, ఒకప్పుడు ఈ నేల ఖజానాను నడిపిన ఒక పెద్దమనిషి జీవితాన్ని చదవాలి. ఆయన నవాబ్ హైదర్ నవాజ్ జంగ్ బహద్దూర్. లోకానికి సర్ అక్బర్ హైదరీగా పరిచితులు.

ఇదే పేరుగల ఆయన కుమారుడు 1947లో అస్సాం గవర్నరైనారు. చాలామంది తండ్రీ కొడుకులను ఒకరినొకరుగా పొరబడుతుంటారు. మనం చెప్పుకొనేది తండ్రిని గురించి.

హైదరీ గారు 1869 నవంబరు 8వ తేదీన బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా వర్తక కుటుంబంలో జన్మించారు. సెయింట్ జేవియర్ కళాశాలలో విద్యనభ్యసించి, ఇరువై ఏండ్లు నిండకముందే బ్రిటిషు ఇండియా ఆర్థిక శాఖలో ఉద్యోగిగా చేరారు. ప్రసిద్ధులైన త్యాబ్జీ కుటుంబానికి చెందిన అమీనా బేగం వారి ధర్మపత్ని. లెక్కల తనిఖీ వారి వృత్తి. ఒక్కొక్క అణా ఎక్కడినుండి వచ్చినది, ఎక్కడికి పోయినది అని వెదకే ఆ వృత్తి మనిషిని పొడిబారజేస్తుందని లోకుల అభిప్రాయం. హైదరీ గారి విషయంలో అది నిజం కాలేదు. అజంతా గుహలలోని చిత్రాలు పెచ్చులూడి పోతుంటే 1920 ప్రాంతంలో ఇటలీనుండి నిపుణులను రప్పించి వాటిని కాపాడించిన ప్రయత్నం వెనుక వారి చేయి ఉంది.

1905లో వారు నిజాం ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదు వచ్చారు. అటుపిమ్మట ఆర్థిక శాఖ కార్యదర్శి అయినారు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచివేసినప్పుడు అమీనా బేగం బాధితులకు చేసిన సేవకు కైసర్ ఎ హింద్ పతకం లభించింది. రాష్ట్రానికి ఆపద అనేది చెప్పి రాదనీ, వచ్చిననాడు బొక్కసంలో వేరుగా తీసిపెట్టిన ధనం లేకపోతే ఎవరి ముందైనా చేయి చాచవలసి వస్తుందనీ ఆ దంపతులు ఆ సంవత్సరం కళ్లారా చూచి ఉంటారు.

1911లో హైదరీ గారు హోం శాఖ కార్యదర్శి అయినారు. విద్యావ్యవహారాలు ఆ శాఖ కిందనే ఉండేవి. ఆ కాలంలో రాష్ట్రానికి ఉన్నత విద్య అంటే మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన నిజాం కళాశాల. బోధన ఆంగ్లంలో. ఈ పరిస్థితిని మార్చదలచి, దేశభాషలోనే అన్ని శాస్త్రాలు బోధించే విశ్వవిద్యాలయం కావాలని వారు 1917లో నిజాం ప్రభువుకు విన్నపం సమర్పించగా, ఏప్రిల్ 26వ తేదీన ఫర్మానా వెలువడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. పాఠ్యగ్రంథాలను ఉర్దూలోనికి తేవడానికి అనువాద శాఖ నెలకొల్పబడింది. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని ఒక భవనంలో 225 మంది విద్యార్థులతో తరగతులు ఆరంభమైనాయి. విద్యాశాఖాధిపతి సర్ రాస్ మసూద్ 1922లో జపానుకు వెళ్లి, స్వభాషలో విజ్ఞానం నేర్పుతున్న తీరును పరిశీలించి వచ్చారు.

ఇక్కడ ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. దేశభాష అంటే ప్రభుత్వం దృష్టిలో ఉర్దూ. రాష్ట్ర ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. వర్గల్, గజ్వేల్, సిద్దిపేట వైపు పల్లెలలో తెలుగు మాటలాడే రైతుబిడ్డకు ఆంగ్లం ఎంత పరాయిదో గ్రంథాల ఉర్దూ కూడ అంతే పరాయిది. పల్లె ముస్లిం ఇంటి బిడ్డకు సైతం అనువాద గ్రంథాల భాష ఒక పట్టాన మింగుడు పడేది కాదు. పహాణీ, జమాబందీ, కిస్తు వంటి మాటలు మన పల్లెవారి నోట నానినట్లు ఆ శాస్త్ర పరిభాష నానలేదు. ఉపకార వేతనం ఉన్నా దానిని అందుకొనే మెట్టు దాకా ఎందరో రాలేకపోయారు. ఉభయ భాషలవారమూ కలిసి చదువుకొనే మన కళాశాలలో ఈ సంగతి మరువరాదని నా అభిప్రాయం.

హైదరీ గారు 1920లో కొంతకాలం బొంబాయికి పోయి, 1921లో ఆర్థిక సభ్యులుగా, అనగా ఫైనాన్సు సదర్ ఉల్ మహాంగా తిరిగి వచ్చారు. మన విషయానికి అసలైన ఘట్టం ఇదే.

అంతకుముందు పద్ధతి మనకు బాగా తెలిసినదే. ప్రతి శాఖకు ఏడాదికొకసారి పైకం మంజూరు. సంవత్సరాంతానికి ఖర్చు కాని మొత్తం మురిగిపోయేది. అందుచేత చివరి నెలలో అవసరమున్నా లేకున్నా కొనుగోళ్లు జరిగేవి. మరుసటి సంవత్సరం వర్షాలు లేక శిస్తు తగ్గితే కోత వేయక తప్పేది కాదు. కోత వేసే అధికారి చేయి ఎటు పోతుంది? జీతాలు ఆపితే ఉద్యోగులు ఊరుకోరు. కాంట్రాక్టరుకు బాకీ పడితే కట్టడం సగంలో ఆగిపోయి అందరికీ కనబడుతుంది. విద్యార్థి వేతనాల పద్దు అట్లు కాదు. కొత్తగా ఇవ్వవలసిన వేతనాలను ఇవ్వకుండా ఊరుకుంటే చాలు, కాగితం మీద ఎవరికీ అన్యాయం జరిగినట్లుండదు. చదువు మానివేసిన పిల్లవాడు కచేరీకి వచ్చి కొట్లాడడు, పశువుల వెంట పోతాడు. పైగా పంటల ధరలు పడిపోయిన సంవత్సరంలోనే దరఖాస్తులు రెట్టింపవుతాయి. అవసరం పెరిగిన ఏడే పద్దు తరగడం ఈ వ్యవస్థలోని వింత.

1922లో హైదరీ గారు దీనికి ఒక ఏర్పాటు చేశారు. ప్రతి శాఖ అవసరాలను లెక్కగట్టి మూడేండ్లకు సరిపడ గ్రాంటును ముందుగానే స్థిరపరచారు. ఆ మూడేండ్లలో శాఖ తన హద్దులలో తాను ఖర్చు చేసుకొనవచ్చు. ఒక సంవత్సరం మిగిలినది మరుసటి సంవత్సరానికి పనికివస్తుంది. దానితో విద్యాశాఖ ఈ ఏడాది ఒక విద్యార్థికి వేతనమిస్తే వచ్చే ఏడాది కూడ ఇవ్వగలనన్న నమ్మకంతో ఇచ్చే వీలు కలిగింది. డిగ్రీ చదువుకు ఒక్క సంవత్సరం పైకం సరిపోదు గదా! దీనికి తోడు మంచి సంవత్సరాలలోని మిగులును పూర్తిగా ఖర్చు చేయక, కరవుకు ఒక నిధి, కాగితపు నాణెం భద్రతకు ఒక నిధి అని వేరువేరుగా దాచే పద్ధతి పాటించారు. 1929లో పారిశ్రామిక నిధి కూడ స్థాపించబడింది. 1937లో బోధన్ చక్కెర కర్మాగారానికి పెట్టుబడి సమకూర్చినవాటిలో అదీ ఒకటి.

1929 అక్టోబరులో న్యూయార్కులో వాటాల ధరలు కూలిపోయినాయి. ఆ దెబ్బ మన మెట్టపొలాల దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. హైదరాబాదు రాష్ట్రం ఆముదాలు, వేరుసెనగ, పత్తి బయటికి పంపే రాష్ట్రం. వాటి ధరలు పడిపోయినాయి, ధాన్యం ధర కూడ పడింది. శిస్తు మాత్రం నగదులో కట్టవలసినదే. ధర సగానికి పడితే అదే శిస్తుకు రైతు రెట్టింపు ధాన్యం అమ్మాలి. మిగిలినది షావుకారు వడ్డీకి చాలదు. కేశవ అయ్యంగారు 1929–30లో ఈ రాష్ట్రపు పల్లెలలో జరిపిన ఆర్థిక పరిశోధన రైతుల అప్పుల భారాన్ని అప్పుడే గ్రంథస్థం చేసింది. ఖజానా వైపు చూస్తే భూమి శిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరి అనేవే ముఖ్యమైన రాబడులు. రైతు చేతిలో రూపాయి ఆడకపోతే కల్లు దుకాణమూ వెలవెలబోతుంది, సరకు కదలక కరోడ్‌గిరి సుంకమూ తరుగుతుంది. మూడు ఊటలూ ఒకే బావిలోనివి.

ఆ రోజులలో లోకమంతటా పొదుపు సంఘాల రాజ్యమే. 1931లో ఇంగ్లండులో ఉపాధ్యాయుల జీతాలు నూటికి పది చొప్పున తగ్గించారు. మరుసటి ఏడు అక్కడి మాధ్యమిక పాఠశాలలలోని ఉచిత స్థానాలను తలిదండ్రుల ఆదాయాన్నిబట్టి ఇచ్చేట్లు మార్చివేశారు. బ్రిటిషు ఇండియాలోనూ జీతాలకు కోత పడింది. అమెరికాలో మాత్రం 1935లో జాతీయ యువజన పాలన సంస్థను స్థాపించి, కళాశాల విద్యార్థులకు పూట పనులిచ్చి చదువు ఆగకుండ చూడసాగారు.

హైదరాబాదులో హైదరీ గారు నడచిన దారి వేరు. మాంద్యం అప్పుడే ముసురుకొంటుండగా, 1930 ఏప్రిల్ 1న రైల్వేను ఆంగ్ల కంపెనీ చేతినుండి రాష్ట్రం స్వంతం చేసుకొన్నది. అటువంటి కాలంలో అంత పెద్ద కొనుగోలా అని ముక్కున వేలు వేసుకొనదగిన సాహసమే అది. అయితే శిస్తుతో సంబంధంలేని ఒక రాబడి దారి ఏర్పడింది. 1932లో ఆ రైల్వే శాఖ కిందనే 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభమైంది. మన నాచారం గుట్ట కింద పారే హల్దీ వాగు పోయి కలిసే మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. కూలి దొరకక జనం అల్లాడుతున్న కాలంలో అడిక్‌మెట్‌లో రాళ్లు చెక్కే పని సాగింది. 1939 డిసెంబరు 4న భవనం ప్రారంభమైంది.

విదేశీ విద్యకు పంపే వేతనాల లెక్క మరింత చిక్కైనది. రాష్ట్రంలో చెలామణి అయ్యేది హాలీ సిక్కా. బ్రిటిషు కల్దారు రూపాయలు నూరు కావాలంటే హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు కట్టాలి. కల్దారును మళ్లీ పౌనుగా మార్చాలి. లండనులోని విద్యార్థికి ఒక్క పౌను పంపితే ఇక్కడి ఖజానాకు సుమారు పదిహేనున్నర హాలీ రూపాయల ఖర్చు. ఒక రైతు ఎన్ని బస్తాలు అమ్మితే అంత శిస్తు వస్తుందో ఊహించుకొనవచ్చు. 1895లోనే సరోజినీ చట్టోపాధ్యాయ నిజాం వేతనంపై ఇంగ్లండు వెళ్లిన సంప్రదాయం ఈ రాష్ట్రానిది. ఉస్మానియాలో ఉర్దూ ద్వారా గణితం చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడనుండి జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి హైజెన్‌బర్గు వద్ద పరిశోధన చేసి, మాంద్యపు రోజులలో తిరిగివచ్చి తన విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులైనారు. దేశభాషలో చదివినవారు పైకి రాలేరన్నవారికి ఆయన ఒక్కరు చాలు.

హైదరీ గారికి 1928లో సర్ బిరుదు లభించింది. లండనులోని గోల్‌మేజ్ సమావేశాలకు హైదరాబాదు ప్రతినిధివర్గానికి నాయకత్వం వహించారు. 1937లో మహారాజా కిషన్ పర్షాద్ అనంతరం ప్రధానమంత్రి పదవి స్వీకరించారు.

ఆ పదవిలోనే వారి కీర్తికి ఒక మచ్చ ఏర్పడింది. 1938 చివర ఉస్మానియా వసతి గృహాలలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులు వందల సంఖ్యలో బహిష్కరింపబడినారు. వారిలో పల్లెలనుండి వచ్చిన తెలుగు బిడ్డలెందరో ఉన్నారు. వారి వసతి పోయింది, చదువు పోయింది. నాగపూరు విశ్వవిద్యాలయం తలుపులు తెరవబట్టి చాలామంది గట్టెక్కారు. తరువాతి కాలంలో భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అట్లు నాగపూరు చేరినవారే. కరవు, మాంద్యం వచ్చినా ఆగకుండ చదువుల పద్దును కట్టుదిట్టం చేసిన ప్రభుత్వమే ఒక పాట కారణంగా ఆ చదువును ఆపివేసింది. రాజకీయ పరిస్థితులు వారి చేయిదాటిపోయినాయని కొందరు సమర్థిస్తారు. నాకు ఆ సమర్థన తృప్తినివ్వలేదు. మూడేండ్ల గ్రాంటు విద్యార్థిని ధరల పతనంనుండి కాపాడగలదు గాని అధికారి ఆగ్రహంనుండి కాపాడలేదు.

మన కాలపు సంగతి ఇక్కడ రెండు మాటలలో చెప్పక తప్పదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం విస్తృతంగా అమలులోకి వచ్చిన సంవత్సరమే ప్రపంచాన్ని మరొక మాంద్యం చుట్టుముట్టింది. 2020లో కరోనా వచ్చింది. పథకం నిలిచింది గాని బకాయిలన్న మాట దానికి తోకవలె అంటుకొన్నది. ప్రభుత్వాల సంగతి అటుంచి, మన పాలక సంఘం పెద్దలు తమ చేతిలోని చిన్న సహాయ నిధినైనా ఏడాదికేడాది కాక, విద్యార్థి చేరిననాడే అతని మూడేండ్లకు కేటాయించి పెట్టే విషయం పరిశీలించవచ్చును. ఇరువై మందికి ఒక్కొక్క సంవత్సరం ఇవ్వడమా, ఏడుగురికి పట్టా చేతికి వచ్చేవరకు ఇవ్వడమా అన్నది కఠినమైన ప్రశ్నే. సంఘంలో దీనిపై భిన్నాభిప్రాయాలుంటాయి, ఉండాలి కూడ.

హైదరీ గారు 1941లో హైదరాబాదు పదవిని విడిచి, వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యులుగా ఢిల్లీ వెళ్లారు. అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్నది. అక్కడ కొద్ది నెలలే పనిచేసి 1942 జనవరి 8న కన్నుమూశారు. హైదరాబాదు భారతదేశంలో కలిసిన పిమ్మట ఉస్మానియాలో ఉర్దూ బోధన స్థానంలో ఆంగ్లం వచ్చింది. అనువాద శాఖ మూతపడింది. మూడేండ్ల గ్రాంటులూ, హాలీ సిక్కాలూ పోయినాయి. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోయే పద్ధతి మన కచేరీలలో నేటికీ ఉంది.