దీపం వెనుక లెక్కలు: ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం

మన పాఠ్యపుస్తకాలలో ఫ్లారెన్స్ నైటింగేల్ చేత దీపం ధరించి రోగుల మంచాల నడుమ సంచరించే కరుణామూర్తి. ఆ చిత్రం అసత్యం కాదు. అయితే ఆమె తొంభై యేండ్ల జీవితంలో ఆ దీపం పట్టిన కాలం రెండేండ్లకు లోపే. తక్కిన కాలంలో ఆమె చేతిలో ఉన్నది కలం, ఎదుట ఉన్నవి మరణాల పట్టికలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల విద్యార్థులకు, విశేషించి నర్సింగు విద్యపై ఆసక్తి గల విద్యార్థినులకు, ఈ రెండవ నైటింగేల్‌ను పరిచయం చేయడం ఉచితమని మేము తలంచాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమె పేరయింది. తండ్రి కుమార్తెలకు స్వయంగా విద్య గరపినాడు. ఆ రోజులలో రోగులకు పరిచర్య చేయడం గౌరవనీయమైన వృత్తి కాదు. కనుక ఇంటివారు ఏండ్ల తరబడి అడ్డుపడినారు. 1854 నవంబరులో, క్రిమియా యుద్ధకాలంలో, 38 మంది పరిచారికలతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరింది. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరిన రోగులలో నూటికి 42 మంది మరణించారు. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలను బాగుచేయించి, గాలి వెలుతురు వచ్చే ఏర్పాట్లు చేయించిన తరువాత కొద్ది నెలలలోనే ఆ సంఖ్య మిక్కిలి తగ్గిపోయింది.

స్వదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట ఆమె విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞునితో కలిసి ఆ మరణాలను మరల లెక్కించింది. గాయాలతో మరణించినవారికంటె నివారింపదగిన వ్యాధులతో మరణించినవారే అనేక రెట్లు ఎక్కువని తేలింది. యుద్ధం లేని వేళ ఇంగ్లండులోని బారకాసులలో ఉన్న సైనికులను కూడా ఆమె పరిశీలించింది. ఏరి కోరి ఎంపిక చేసిన ఆరోగ్యవంతులైన యువకులు, అదే వయస్సు గల సామాన్య పౌరులకంటె దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారు. ఆ పద్ధతి చాలా సరళమైనది. పౌరుల మరణరేటే ఉన్నట్లయితే ఎందరు చనిపోవాలో ముందు లెక్కించాలి, నిజంగా చనిపోయినవారి సంఖ్య నుండి దానిని తీసివేయాలి. మిగిలిన ప్రాణాలకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది. ఈ కృషికి గుర్తింపుగా 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను తన తొలి మహిళా సభ్యురాలిగా ఎన్నుకున్నది. 1863లో వెలువడిన భారత సైన్య పారిశుద్ధ్య నివేదికలో ఇక్కడి బ్రిటిష్ సైనికుల మరణరేటు వేయికి 69 అని తేలింది. మన సికింద్రాబాదు దండు సంగతులు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. ఆమె మాత్రం ఎన్నడూ భారతదేశానికి రాలేదు.

ఇంతవరకు యువకుల కథ. యువతుల కథ దీనికంటె బాధాకరమైనది, అది ఆమె సొంత సంస్థలోనే ఎదురయింది. లండన్ కింగ్స్ కాలేజి వైద్యశాలలో గ్రామీణ మంత్రసానులకు శిక్షణ ఇచ్చేందుకై ఆమె నిధితో ఒక ప్రసూతి విభాగం నడిచేది. అక్కడ జరిగిన 780 ప్రసవాలలో 26 మంది తల్లులు చనిపోయారు. అనగా వేయికి 33. దేశమంతటా ఆ రేటు వేయికి సుమారు 5 మాత్రమే. ఆమె తడబడలేదు, 1867లో ఆ విభాగాన్ని మూయించింది. తరువాత నాలుగేండ్లు లెక్కలు సేకరించి 1871లో ప్రసూతి వైద్యశాలలపై ఒక గ్రంథం ప్రకటించింది.

అందులో ఆమె ఫ్రెంచి వైద్యుడు లె ఫోర్ సేకరించిన అంకెలను ఉపయోగించింది. యూరపు వైద్యశాలలలో 8,88,312 ప్రసవాలకు 30,594 మరణాలు, ఇండ్లలో 9,34,781 ప్రసవాలకు 4,405 మరణాలు. పాఠకులు స్వయంగా గణించి చూడవచ్చు. ఇండ్లలోని రేటే వైద్యశాలలలోనూ ఉన్నట్లయితే అక్కడ 4,200 మంది లోపే చనిపోవాలి. 26 వేలకు పైగా తల్లులు అదనంగా చనిపోయారు. వైద్యశాలకు వచ్చేవారు నిరుపేదలు, బలహీనులు గనుక ఎక్కువగా చనిపోతారని ఆక్షేపించేవారు ఉండేవారు. ఈ ఆక్షేపణకు సమాధానం కూడా పట్టికలోనే ఉన్నది. అంతకంటె నిరుపేదలుండే అనాథ శరణాలయాలలోని ప్రసూతి గదులలో మరణాలు పెద్ద ప్రసూతి వైద్యశాలలకంటె తక్కువ. కావున దోషం పేదరికానిది కాదు, అనేకులను ఒకే చోట చేర్చి, రోగి నుండి రోగికి అంటును మోసే పద్ధతిది. 1847లోనే వియన్నాలో సెమ్మెల్వైస్ వైద్యుల చేతులు కడిగించి తల్లులను కాపాడినాడు, కాని లోకం ఆయన మాట వినలేదు. నైటింగేల్ సైతం సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని చాలాకాలం అంగీకరించలేదు. చెడుగాలియే కారణమని నమ్మింది. కారణం విషయంలో పొరబడినా ఆమె తీసివేత తప్పలేదు. మా దృష్టిలో ఇది గణాంక శాస్త్రం గొప్పతనం.

వైద్యశాల పుస్తకాలను గుడ్డిగా నమ్మరాదని కూడా ఆమె హెచ్చరించింది. జబ్బు ముదిరిన తల్లిని మరొక చోటికి పంపివేస్తే ఆ మరణం మొదటి వైద్యశాల లెక్కలోకి రాదు. ఈ మాట మన పాలమూరు సీమకు అక్షరాలా వర్తిస్తుంది. మన చట్టం ప్రకారం మరణం సంభవించిన చోటనే నమోదవుతుంది. గద్వాల బాలింత తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రిలో కన్నుమూస్తే ఆ మరణం మొదట నమోదయ్యేది పొరుగు రాష్ట్రంలో. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన బిడ్డ సంగతీ ఇంతే. ఇక అంకెల స్వల్పత మరొక చిక్కు. 2018-20 నమూనా నమోదు గణాంకాల ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 43 మంది తల్లులు మరణించారు. గద్వాల జిల్లా జనాభా 2011లో సుమారు 6 లక్షలు, ఏటా జననాలు పదివేల ప్రాంతం అనుకుంటే, ఆ రేటున చనిపోయేవారు నలుగురైదుగురు. ఒక ఏడు ఇద్దరు, మరొక ఏడు ఏడుగురు అయినంత మాత్రాన మంచి జరిగిందనీ చెడు జరిగిందనీ చెప్పలేము. అనేక సంవత్సరాలు కలిపి చూడాలి. 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీల మరణాలన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి విచారించి, గర్భంతో ఉండగా గాని, ప్రసవమైన 42 దినాలలోపు గాని గర్భసంబంధమైన కారణంతో చనిపోయినవారెందరో వేరుచేయాలి. మామూలు జ్వరమనో కడుపునొప్పి అనో ఇంటివారు చెప్పిన మరణాలలో కొన్ని అక్కడే బయటపడుతాయి.

అనారోగ్యంతో దీర్ఘకాలం గదికే పరిమితమైనా నైటింగేల్ పని మానలేదు. 1876-78 కరువు తరువాత దక్షిణ భారత రైతులకు నీటిపారుదల కావాలని ఆర్థర్ కాటన్ పక్షాన వ్రాసింది. 1891లో ఆక్స్‌ఫర్డులో గణాంక శాస్త్రానికి ఆచార్యపీఠం నెలకొల్పవలెనని ప్రయత్నించింది, అది నెరవేరలేదు. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన తొలి మహిళ అయింది. 1910 ఆగస్టు 13న లండనులో కన్నుమూసింది. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేస్తామన్న ప్రతిపాదనను బంధువులు కాదన్నారు. ఈస్ట్ వెలో గ్రామంలోని ఆమె సమాధిపై పూర్తి పేరు కూడా లేదు, రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే చెక్కి ఉన్నాయి.